నోరు చూసి డోలక్ వాయించే సోమలింగం

సూరత్‌లోని ఉధ్నాలో మగ్గాల కార్ఖానా లోపలికి ఒక్కసారి తొంగి చూస్తేగాని సోమలింగం సంగతి అర్థం కాదు. రేకుల షెడ్డు కింద వంద మగ్గాలు ఒకేసారి కొట్టుకుంటుంటే అక్కడ గొంతుతో మాట్లాడేవాళ్ళు ఉండరు. పోగు తెగిందన్నా, చాయ్ వచ్చిందన్నా, మేస్త్రీని తిట్టుకోవాలన్నా అంతా పెదాల మీదే. ఇరవై ఏళ్ళప్పుడు కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చిన సోమలింగం ఆ మోతలో ముప్పై రెండేళ్ళు నిలబడ్డాడు. మోత అతని కుడిచెవిని పూర్తిగా తీసుకుంది. ఎడమచెవిలో నాలుగణాల వంతు మిగిల్చింది.

ఆ మాట భార్య లింగవ్వకు తప్ప గల్లీలో ఎవరికీ తెలియదు. ఎదుటివాళ్ళ నోరు కనబడితే చాలు, సోమలింగం జవాబు చెప్పేస్తాడు. సోమవారం భజనలో డోలక్ కూడా అతనిదే. పాడే వెంకటయ్యకు ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చునేవాడు. వెంకటయ్య ఎక్కడ ఊపిరి పీలుస్తాడో, మెడమీద నరం ఎప్పుడు ఉబ్బుతుందో చూసి దెబ్బ వేసేవాడు. ఒక్క దెబ్బా పక్కకు పోయేది కాదు.

మరి ఎందుకు దాచాడంటారా? అదే కార్ఖానాలో ఆగయ్య అని ఒకాయన ఉండేవాడు. ఒకసారి చెవులు వినపడటం లేదని నోరు జారాడు, అంతే. చచ్చేదాకా గల్లీ అంతా అతన్ని చెవిటాగయ్య అనే పిలిచింది. సోమలింగానికి పేరు పోయినా ఫరవాలేదు. డోలక్ పోతుందనే భయం. చెవిటివాడి చేతికి డోలక్ ఎవరిస్తారు?

అలాంటి మనిషి ఎదుట, కరోనా వచ్చి ఊరందరి నోళ్ళకూ గుడ్డ కట్టింది. కార్ఖానాలో మాస్క్, కిరాణా కొట్టులో మాస్క్, బస్సులో మాస్క్. సోమలింగం ఏమడిగినా, ఎవరేమన్నా "ఆఁ, ఆఁ" అని తల ఊపడం అలవాటు చేసుకున్నాడు. ఒకరోజు గోధుమపిండికి వెళ్ళి కొట్టువాడు ఏదో అడిగితే తల ఊపాడు. ఐదు కిలోల సజ్జపిండితో ఇంటికొచ్చాడు.

"గిన్ని సజ్జరొట్టెలు ఎవలు తింటరయ్యా? నీ మగ్గం తింటదా?" అని లింగవ్వ నెత్తి కొట్టుకుంది.

భజనలు ఆగిపోయాయి. సోమలింగం ఇంట్లోనుంచి బయటికి రావడం తగ్గించాడు. గల్లీవాళ్ళు మాత్రం అతనికి గీర పెరిగిందనుకున్నారు.

ఆ తర్వాతి జనవరిలో ఒక గుజరాతీ టీవీ వాళ్ళు సూరత్‌లో పాటల అవార్డుల పండుగ పెట్టారు. హాల్లో జనం ఉండరట, కుర్చీలన్నీ ఖాళీయేనట, చప్పట్లు కూడా యంత్రంలోంచే వస్తాయట. అందులో సూరత్‌కు బతకవచ్చిన పనివాళ్ళ పాటలకు కొంత సమయం ఇచ్చారు. ఒడియావాళ్ళకు మూడు నిమిషాలు, మరాఠీవాళ్ళకు మూడు, మనవాళ్ళకు మూడు. టీవీలో అప్పటికప్పుడే చూపిస్తారు. తెలుగుపాటకు వెంకటయ్య కూతురు కోమలి ఎంపికైంది. బీకాం చదువుతోంది. నాయనమ్మ మగ్గానికి నూలు కండెలు చుడుతూ పాడుకునే పాటను ఫోన్లో పాడి పంపితే వాళ్ళకు నచ్చింది.

పిల్ల పరుగెత్తుకొచ్చి, మాస్క్ గడ్డం కిందికి లాగి, "మామా, డోలక్ నువ్వే! నువ్వు లేకుంటే నేను స్టేజ్ ఎక్క" అంది.

ఆ నోరు కనబడింది కాబట్టి సోమలింగం ఈసారి తెలిసే తల ఊపాడు. ఆ రాత్రి డోలక్ తాళ్ళు రెండుసార్లు బిగించాడు.

రిహార్సల్‌కు వెళ్ళాకగాని అసలు కష్టం తెలియలేదు. పాడేటప్పుడు కూడా మాస్క్ తీయకూడదట, అసలు రోజున మాత్రమే తీయాలట. పైగా కోమలి ముందు నిలబడుతుంది, డోలక్ ఆరడుగులు వెనక. సోమలింగానికి కనబడేది ఆ పిల్ల జడ ఒక్కటే. జడను చూసి ఎవరు వాయించగలరు? పాట రెండో చరణంలో నడక మారుతుంది, ఒక్కసారిగా దుడుకందుకుంటుంది. అక్కడ సోమలింగం మొదటిసారి తప్పాడు, రెండోసారీ తప్పాడు.

టీవీ మనిషి మర్యాదస్తుడే. దగ్గరికొచ్చి, భాష రాదనుకున్నాడేమో, చేతులతో విడమరిచి చెప్పాడు. "కాకా, రికార్డు చేసిన డోలక్ పెడతాం. మీరు ఊరికే కొట్టినట్టు చేయండి చాలు."

సోమలింగానికి ఎక్కడో చివుక్కుమంది. వినపడని చెవికి అసలు దెబ్బైనా ఒకటే, ఉత్త దెబ్బైనా ఒకటే కదా అని ఇంకొకరు అనుకోవచ్చు. అతని అరచేతులకు మాత్రం తేడా తెలుసు.

విరామంలో కోమలి పక్కకు వచ్చి కూర్చుంది. మాస్క్ వెనకనుంచి మెల్లగా ఏదో అడిగింది. సోమలింగం అలవాటుగా "ఆఁ, ఆఁ" అని తల ఊపాడు. పిల్ల కళ్ళు నీళ్ళతో నిండాయి. లేచి వెళ్ళిపోయింది. ఏమైందో అతనికి అంతుపట్టలేదు.

సాయంత్రం కోమలి సోమలింగం ఇంటి గడప దగ్గర నిలబడి లింగవ్వతో చెప్పుకుంది. "అత్తా, నా పాట నచ్చలేదా మామా, వేరేవాళ్ళను పిలిపించుకోమంటవా అని అడిగిన. ఆఁ అన్నడు. సచ్చీ చెప్తున్న, రెండుసార్లు ఆఁ అన్నడు!"

లింగవ్వ చేతిలో చీపురు కింద పడేసింది.

"వేరేటోళ్ళను పిలువుమన్నడా? వారం సంది ఆ డోలక్‌ను పక్కల పెట్టుకొని పండుతుండు బిడ్డా! గాయినకు ఇనవడది. చెవులు మగ్గాలు తిన్నయి. నీ నోరు కనవడక తల ఊపిండు, గంతే."

లోపల కూర్చున్న సోమలింగం భార్య పెదాలు చూశాడు. ఇన్నేళ్ళ గుట్టు ఆ పెదాల మీద ఒక్క క్షణంలో బయటపడింది. "నీ నోట్ల మన్నువడ, చెప్తివానే?" అని గయ్యిమని లేచాడు.

కోమలి గడప అవతలే నిలబడి మాస్క్ తీసేసింది. ఒక్కొక్క మాటా విడమరిచి అడిగింది. "ఎప్పటిసంది మామా?"

"నువ్వు పుట్టకముందుకెల్లి."

"మరి మా బాపు భజనల?"

"మీ బాపు మెడ చూసి కొట్టేది. చెప్పకు బిడ్డా. డోలక్ గుంజుకుంటరు."

"ఎవ్వరికీ చెప్ప. కానీ ఉత్తుత్తి డోలక్ వద్దు. కార్ఖానల మగ్గం ఆగితే నీకెట్ల తెలుస్తది?"

"అరికాళ్ళకు తెలుస్తది."

ఆ మాటతో దారి దొరికింది. స్టేజీ చెక్కది. కోమలి చెప్పుల్లేకుండా పాడుతుంది, నడక మారేచోట మడమతో చెక్కను గట్టిగా తొక్కుతుంది. సోమలింగం చాప లేకుండా కూర్చుంటే ఆ దెబ్బ మోకాళ్ళకు తెలుస్తుంది. మర్నాడు అలా మూడుసార్లు చేశారు, మూడుసార్లూ కుదిరింది. టీవీ మనిషి బొటనవేలెత్తి, రికార్డు డోలక్ తీసేశాడు.

అసలు రోజు వచ్చింది. రాత్రి కర్ఫ్యూ వల్ల సాయంత్రం నాలుగింటికే మొదలు. సోమలింగం కొత్త ధోవతి కట్టుకుని స్టేజీ ఎక్కి, కూర్చుందామని చెయ్యి ఆనించి ఉలిక్కిపడ్డాడు. చెక్క లేదు. అవార్డుల పండుగ కదా, ఆ మూల నుంచి ఈ మూల దాకా మెత్తటి ఎర్ర తివాచీ పరిచారు. మడమతో కాదు, రోకలితో కొట్టినా తెలియదు.

దీపాలు వెలిగాయి. కోమలి వెనక్కి తిరిగి అతని ముఖం చూసింది, తివాచీ చూసింది. ఇక చెప్పుకునే వ్యవధి లేదు.

పాట మొదలైంది. మొదటి చరణం కష్టం లేదు, ఒకే నడక. సోమలింగం జడ చూస్తూ వాయిస్తున్నాడు. మలుపు వస్తోందని లెక్క తెలుసు, ఏ గడియలో వస్తుందో మాత్రం తెలియదు. తప్పితే రాష్ట్రమంతా చూస్తుంది.

అప్పుడు జడ పక్కకు తొలగింది. కోమలి పాడుతూనే కెమెరాలకు వీపు పెట్టి, నాలుగడుగులు నడిచొచ్చి అతని ఎదుట గొంతుక్కూర్చుంది. మాస్క్ లేని నోరు, మెడ మీద తండ్రి నరమే. ఊపిరి పీల్చింది. సోమలింగం చెయ్యి దానంతటదే దుడుకందుకుంది. కెమెరాలవాళ్ళు కంగారుగా చుట్టూ పరుగెత్తారు. ఒకతను కెమెరాను సోమలింగం వెనకనుంచి పట్టుకున్నాడు, ఇంకొకతను కోమలి వెనకనుంచి. చివరి దెబ్బ, చివరి మాట ఒకేసారి పడ్డాయి. ఖాళీ కుర్చీల మీద యంత్రం చప్పట్లు కొట్టింది. అవి సోమలింగానికి వినపడలేదు, అందుకు అతనికేమీ లోటనిపించలేదు.

అవార్డు ఎవరికి వచ్చిందో గల్లీలో ఎవరూ పట్టించుకోలేదు. వెంకటయ్య మాత్రం మూడు రోజులు సణిగాడు. "బిడ్డకు కొత్త చీర కొంటిమి. టీవీల సగం సేపు బావ మీసాలే చూపిచ్చిరి!"

ఆ తర్వాత కోమలి ఒక పని చేసింది. చీరలు ప్యాక్ చేసే ప్లాస్టిక్ కవర్లు సూరత్‌లో కొదవా? నోటి దగ్గర కవరు ముక్క పెట్టి కుట్టిన మాస్కులు రెండు తెచ్చింది. ఒకటి తను పెట్టుకుంది, రెండోది లింగవ్వకు ఇచ్చింది. అది పెట్టుకుని లింగవ్వ కిరాణా కొట్టు ముందు మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. సగంలో ఊపిరికి ప్లాస్టిక్ మసకబారి పెదాలు మాయమయ్యాయి. సోమలింగం చెయ్యి చాచి, కండువా కొసతో ఆ ముక్కను తుడిచాడు.

"ఆఁ, ఇగ చెప్పు" అన్నాడు.