వంకర చాప

నా చిన్నప్పుడు మా కొల్లేటి లంకలో చాప నేయడం ఇద్దరి పని. నేలమీద తాళ్లు బిగించి, ఒకరు తుంగ దూరుస్తుంటే ఇంకొకరు చెక్కతో దగ్గరికి కొట్టేవారు. ఒక్కరే నేస్తే అంచు తిన్నగా రాదు. ఊళ్లో అందరికంటే తిన్నగా నేసేది మా పెద్దమ్మ.

ఆవిడకి రొమ్ములో గడ్డ లేచింది. పట్నంలో ఆపరేషన్ చేసి ఒకవైపు తీసేశారు. ప్రాణం దక్కించుకుని ఇంటికొచ్చి, గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. చూడవచ్చినవాళ్లు గుమ్మంలోనే కళ్లొత్తుకుని, అరటిపళ్లు పెట్టి వెళ్లిపోయేవారు. జబ్బు పేరు ఎవరూ ఎత్తేవారు కాదు, అది విని తమ వెంట వస్తుందేమోనని. పళ్లు నేను తినేదాన్ని. పెద్దమ్మ మాటా మానేసింది, తిండీ మానేస్తోంది. ఆపరేషన్ కాపాడిన మనిషి ఇలా పోతుందేమోనని ఇంటిల్లిపాదికీ భయం.

మా నాయనమ్మ మాత్రం ఓదార్చలేదు. ఓ పొద్దున ఆ గది కిటికీ ముందు వసారాలో తాళ్లు బిగించి ఒక్కతే చాప మొదలుపెట్టింది. నేను సాయం వస్తానంటే కసిరింది. మూరెడు నేసేసరికి చాప బుడమేరు వాగులా వంపులు తిరిగింది. పాపం, ముసలితనం వచ్చేసింది అనుకున్నాను. మర్నాడు ఇంకా ఘోరం.

మధ్యాహ్నానికి కిటికీలోంచి మాట వినబడింది.

"అత్తయ్యా, అది చాపేనాండీ? చూడలేకపోతున్నాను."

"చూడమని ఎవరన్నారు? అటు తిరుగు," అంది నాయనమ్మ తలెత్తకుండా.

కాసేపటికి పెద్దమ్మ పైట నిండుగా కప్పుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. నేసినదంతా విప్పించింది. కుడిచెయ్యి లేవదు కనుక ఎడమచేత్తో తుంగ దూర్చింది. చెక్కతో కొడుతూ నాయనమ్మ, పురిట్లోనే పోయిన తన తొలి బిడ్డ సంగతి చెప్పింది. మేమెవరం ఎప్పుడూ విననిది. చాలాసేపటికి పెద్దమ్మ, కట్టు విప్పిన రోజున తన ఒళ్లు తాను చూసుకున్న సంగతి చెప్పింది. పక్కింటి అక్క ఓ తుంగకట్టతో వచ్చి చేరింది. ఆవిడ దగ్గరా ఓ కథ ఉంది. ఆ రాత్రి పెద్దమ్మ మారు వడ్డించుకుంది.

నిరుడు అదే జబ్బు నాకొచ్చింది. ఏలూరులో ఫ్లాటు, లెక్చరర్ ఉద్యోగం మిగిల్చిన పెన్షను, ఫ్రిజ్ నిండా ఎవరెవరో తెచ్చిన యాపిల్స్. అరటిపళ్ల దగ్గర్నుంచి అంతవరకు ఎదిగాం. పేరు మాత్రం ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. నా కిటికీ ముందు వంకరగా నేసేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందుకని కీమోకి వెళ్లేటప్పుడు ఊలూ సూదులూ పట్టుకెళ్లి, ఆస్పత్రి హాల్లో నేనే ఓ స్వెట్టరు అల్లడం మొదలుపెట్టాను. నాయనమ్మ కావాలని చెడగొట్టింది. నాకా శ్రమ లేదు.

పక్క కుర్చీలో జంగారెడ్డిగూడెం ఆవిడ, తలకి గుడ్డ కట్టుకుని, ఎప్పుడూ గోడకేసే చూస్తూ ఉండేది. పాపం, చాలాసేపు ఓర్చుకుంది.

"ఏవండీ, అదిలా ఇవ్వండి," అంది చివరికి. నా అల్లిక విప్పుతూ విప్పుతూ, తన గడ్డ మొదట చేతికి తగిలిన రోజు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ వరుసలో నలుగురం కూర్చుంటున్నాం.

ఇంటికొస్తే మళ్లీ నేనూ, యాపిల్సూ. నాయనమ్మ నుంచి నాకు మిగిలింది ఒక్కటే: ఎలా ఉన్నావని అడగకుండా, ఎదుటివైపు ఖాళీ ఉంచి కూర్చోవడం. ఆ స్వెట్టరు ఇంకా పూర్తి కాలేదు. కాకుండా నేను జాగ్రత్తగా చూసుకుంటున్నాను.