మా అవ్వ చెప్పిన కరువు

మా తమ్ముడి కూతురు డిగ్రీ ముగించి, ఇప్పుడు నేరశాస్త్రంలో పీజీ చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. ఫోన్‌లో ఏవో సీరియళ్లు చూసి, నెత్తుటి మరక చూడగానే హంతకుడెవరో చెప్పేయొచ్చని దాని నమ్మకం. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చి, నువ్వూ అదే చదివినావంట కదా అత్తా, చదివితే ఏమవుతాము అని అడిగింది. పోలీసు కావచ్చు, జైలు అధికారి కావచ్చు, వేలిముద్రల ఆఫీసులో కూర్చోవచ్చు, పైన లా కూడా చదివితే కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించవచ్చు, ఏదీ కాకపోతే నాలాగా ప్రొబేషన్ అధికారి కావచ్చని చెప్పాను. ఆ చివరిది ఏం పని అంది. జైల్లో ఉన్న మనిషిని ముందుగా వదిలిపెడితే ఊళ్లో బతకగలడో లేడో వాళ్లింటికి వెళ్లి కనుక్కొచ్చే పని అన్నాను. ఓస్, అంతేనా అనేసింది పిల్ల. అంతేనే తల్లీ అన్నాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, తొంభైల చివర్లో మన వైపు ఆడపిల్ల పెద్ద చదువు చదువుతోందంటే టీచరు కావడానికే అనుకునేవారు. అనంతపురం జిల్లాలో బెళుగుప్ప దగ్గర మా ఊరి నుంచి ట్రంకుపెట్టెతో యూనివర్సిటీ హాస్టలుకు బయలుదేరిన రోజు, బస్సులో ఒక పెద్దాయన ఏం చదువని అడిగి, నేను చెప్పింది విని, "దొంగల సదువా? దానికి అంత దూరం ఎందుకమ్మా, మనూర్లోనే బాగా నేర్పిస్తారు కదా!" అని బస్సంతా నవ్వించాడు. నేనూ నవ్వాను. మా నాయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, ఎందుకంటే నన్ను ఆ చదువుకు పంపిస్తున్నది మా మామ కోసమని ఆయనకు తెలుసు.

మామ మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. నేను బడిలో ఉన్నప్పుడు, బోరు నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి పక్క చేను ఆయన మీద పార ఎత్తాడు. ఆయన మళ్లీ లేవలేదు. మామకు యావజ్జీవం పడింది. అప్పటికింకా పెళ్లి కాలేదు, ఇంట్లో మిగిలింది వాళ్లమ్మ, అంటే మా అవ్వ ఒక్కతే. "సదువు పాపా, మీ మామ యా దోవన బయటికొస్తాడో మనింట్లో ఒకరికన్నా తెలియాల కదా," అని నాయన అన్నాడు. నాకు తెలిసిన గురి అదొక్కటే.

రెండో ఏడు మా క్లాసులో ఆ దోవ గురించే చెప్పారు. సత్ప్రవర్తన ఉన్న ఖైదీని ముందుగా విడుదల చేసేముందు ఒక అధికారి ఆ ఊరికి వెళ్లి నాలుగు సంగతులు కనుక్కుంటాడు: ఉండడానికి ఇల్లుందా, చేసుకోవడానికి పనుందా, చూసుకునే మనిషుందా, అవతలివాళ్ల పగ చల్లారిందా. మామకు అన్నీ ఉన్నాయి. జైల్లో మంచి పేరుంది, బయట చేను ఉంది, అవ్వ ఉంది, వాడొస్తే పెట్టుబడికి అవుతుందని ఆమె పెంచుతున్న మేకలున్నాయి. ఆ ఏడే మామ పేరు విడుదల వరుసలోకి వచ్చిందని కబురందింది. ఇంకేముంది, వచ్చినట్టే అనుకున్నాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి, మన జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదనుకోండి. ఆ రోజుల్లో ఊళ్లోకి గవర్నమెంటు జీపు వచ్చిందంటే అది కరువు రాసుకోవడానికే. చెనిక్కాయ, అదే వేరుశనగ, చేలోనే ఎండిపోయిన ఏళ్లు అవి. ఉంది అన్నవాడి పేరు కొట్టేస్తారు, లేదు అన్నవాడికి కరువు సాయం ఏదో ఒకటి వస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మా ఊళ్లో చంటిపిల్లలకు కూడా జీపు కనబడితే ఏం చెప్పాలో వచ్చు. అందులో మా అవ్వ చేయి తిరిగిన మనిషి.

విచారణకు జీపు వచ్చిన రోజు నేను హాస్టల్లో పరీక్షలకు చదువుకుంటున్నాను. దుమ్ము కనబడగానే అవ్వ మేకలన్నిటినీ పక్కింటి దొడ్లోకి తోలేసింది. మూలనున్న చెనిక్కాయ మూటల మీద పాత బొంత కప్పి, గడపలో కూర్చుంది. చేనుందా అని జీపు దిగిన అధికారి అడిగితే, "చేనుంటే ఏం సారూ, వాన యాడుండాది?" అంది. ఇల్లు పడిపోతాండాది అంది. కొడుకొస్తే ఎవరు చూసుకుంటారంటే, అదీ కరువు లెక్కలోదే అనుకుని, "నన్నే చూసే దిక్కు లేదు సారూ, వానికేం పెట్టేది? ఏమీ లేదు," అని కొంగుతో కళ్లొత్తుకుంది. పక్క చేను ఆయన భార్యను అడిగితే, "రానీ సారూ, పోయినోడు ఎట్లాగూ రాడు, మాకు పగ లేదు," అని ఆమె మంచిమాటే చెప్పింది. ఆ అధికారి చెప్పింది చెప్పినట్టు రాసుకుపోయాడు. ఆయన కుర్చీలో నేనున్నా అదే రాసేదాన్ని.

సెలవులకు వెళ్లినప్పుడు అవ్వ నాకు సంగటి పెడుతూ ఈ కథంతా సంబరంగా చెప్పింది. "ఒక్క మేకను గూడా కనబడనీలే పాపా!" అంది. ముద్ద నోట్లో ఉంది. నమిలాను, మింగాను, ఊరుమిండి పచ్చడి ఇంకొంచెం వేసుకున్నాను. మర్నాడు నాయనా నేనూ అనంతపురం పరిగెత్తి ఆ అధికారిని కలిసి నిజం చెప్పాం. ఆయన జాలిపడ్డాడు కానీ, కాగితం అప్పటికే పైకి వెళ్లిపోయింది. విడుదల కుదరదని వచ్చింది. కారణం అవ్వకు చెప్పొద్దని నాయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆమె గవర్నమెంటును తిట్టుకుంటూ ఎదురుచూసి ఎదురుచూసి, ఒక ఎండాకాలంలో కన్నుమూసింది. నాకు ఏడుపు రాలేదు.

మామ బయటికొచ్చేసరికి రెండువేల సంవత్సరం దాటి చాన్నాళ్లయింది, నాకీ ఉద్యోగమూ వచ్చింది. మేకలు అవ్వ దినాలకే అయిపోయాయి. చేను బీడుపడింది. ఎప్పుడూ రాని వాన ఆ ఏడు వచ్చి ఇంటి వెనక గోడ కూలింది. మామ తాళం తీసి, అంతా తిరిగి చూసి, అప్పుడెందుకు వదల్లేదు పాపా అని నన్ను అడిగాడు. అవ్వ పోయింది కాబట్టి ఒట్టు తీరిపోయిందనుకుని చెప్పేశాను. కూలిన గోడ దగ్గరికి వెళ్లి ఒక రాయి తీసి పక్కన పెట్టాడు. "అయితే అమ్మ చెప్పిందాంట్లో అబద్ధమేముండాది?" అన్నాడు.

ఇప్పుడు మా వైపు కొన్ని ఊళ్లకు కాలువ నీళ్లొచ్చాయి. మిద్దెలు లేచాయి, పిల్లలు ఉన్నవీ లేనివీ అన్నీ ఫోన్లో పెట్టి లోకానికి చూపిస్తున్నారు. నాతో చదివినవాళ్లు పెద్ద పెద్ద ఆఫీసర్లయ్యారు. నేను మాత్రం ఏ ఇంటికి వెళ్లినా మొదట, కరువు రాసుకోవడానికి రాలేదమ్మా, ఉన్నది చెప్పండి అంటాను. పోయిన నెల కదిరి వైపు ఒక ముసలామె, కొడుకు జైల్లో ఉన్నాడు, ఆ మాట విన్నాక కూడా నా జీపు వైపు ఒకసారి చూసి, "ఏముండాది తల్లీ, ఏమీ లేదు," అంది.

నేను పెన్ను మూసేసి లేచి, పక్కింటి దొడ్లోకి వెళ్లి, ఈ మేకలెవరివని అడిగాను.