పుస్తకంలో పేరున్నవాడు

చిన్నప్పటి నుంచీ నాది దురుసు నోరు. మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మగ్గం గుంటలో కూర్చుని ఆయన ఒక మాట అనేలోపల నేను పది అనేవాణ్ణి. "వీడు మగ్గానికి పనికిరాడు, కోర్టుకు పంపాల్సిందే" అని నవ్వేవాడు. కోర్టుకు పోలేదు గాని బడిపంతులునయ్యాను. ఈ నోటితో గెలిచిన వాదాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం తలుచుకున్నప్పుడల్లా అన్నం సయించదు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో హిందూపురం హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడానికి చేరాను. నాతోపాటే సోషలు చెప్పడానికి పెనుకొండ నుంచి ఒకాయన చేరాడు. నా ఈడువాడే. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, క్లాసులో తప్ప గొంతెత్తేవాడు కాదు. ఆయనకు ఊళ్ళో ఎవరూ రూము ఇవ్వలేదు. కులం అడగడం, మొహం తిప్పుకోవడం. చివరికి నేను తీసుకున్న రూములోకే రమ్మన్నాను. ఇంటి ఓనరమ్మ "ఆయప్ప మీవాడేనా?" అనడిగితే "మావాడే, మా పిన్నమ్మ కొడుకు" అన్నాను. అంత పెద్ద అబద్ధం చెప్పి, అర నిమిషంలో మరిచిపోయాను కూడా.

ఆయన తల్లిదండ్రులు క్రైస్తవులు. తండ్రి పోయాడు, పెనుకొండలో చర్చి వెనక ఉన్న సమాధుల తోటలోనే ఆయన సమాధి. కొడుకునూ కూతురునూ బడిలో వేసేటప్పుడు మాత్రం ఆ తండ్రి పాత కులమే రాయించాడు. మతం మారినవాళ్ళకు హరిజన స్కాలర్‌షిప్పు రాదు, అది రాకపోతే చదువు లేదు. చర్చిలో బాప్తిస్మం తీసుకుంటే అక్కడి పుస్తకంలో పేరెక్కుతుంది, పేరెక్కితే బడి కాగితం అబద్ధమవుతుంది. అందుకని ఆయన బాప్తిస్మం ఏడాదికేడాది వాయిదా పడుతూ వచ్చింది. ముందు తన చదువు, తరువాత ట్రైనింగు, ఆపైన చెల్లెలి చదువు. కాగితంలో హిందువు. కాని రోజూ తెల్లవారుజామున లేచి, చాప చుట్టి గోడకు ఆనించి, నేల మీద మోకరించి, పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థన చేసుకునేవాడు. నేను దుప్పటి సందులోంచి చూసేవాణ్ణి. ఒకసారి "ఏమడుగుతావబ్బా అంతసేపు?" అన్నాను. "అడిగేదేమీ లేదు, ఉన్నానని చెప్తాను, అంతే" అన్నాడు.

ఆ ఏడాది రెండో ప్రపంచయుద్ధం పాఠం చెబుతున్నప్పుడు క్లాసులో ఎవరో ఆయన్ను అడిగారట, ఆ జర్మనీ నియంతది ఏ మతం సార్ అని. "మతమనేది ఉంటే అట్లాంటి పనులు చేస్తాడా? వానికి ఏ మతమూ లేదు" అని చెప్పాడట. స్టాఫ్ రూములో ఆ మాట విని నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "తప్పు చెప్పినావు. వాడు క్రైస్తవుడే" అన్నాను. ఇద్దరం కాఫీలు చల్లారేదాకా వాదించుకున్నాం. హెడ్మాస్టరు మంచి హుషారైన మనిషి, దీన్నే శనివారం డిబేట్‌గా పెడదాం, పిల్లలకు మాట్లాడే పద్ధతి తెలుస్తుంది అన్నాడు. తీర్పు చెప్పడానికి పెనుకొండ చర్చి పాస్టరుగారిని పిలిపించాడు. నా మిత్రుడి తండ్రిని మట్టిచేసింది ఆయనే, తల్లి ఆదివారాల్లో ప్రసంగం వినేదీ ఆయన దగ్గరే.

వారం రోజులు లైబ్రరీలో దుమ్ము పట్టిన ఇంగ్లీషు పత్రికలన్నీ తిరగేశాను. శనివారం మధ్యాహ్నం హాలు నిండింది. ముందు నేనే లేచాను. ఆ నియంతకు పసితనంలో బాప్తిస్మం ఇచ్చారన్నాను. కుర్రతనంలో చర్చి గుంపులో నిలబడి పాటలు పాడాడన్నాను. సభల్లో దేవుడి పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడనీ, అతని సిపాయిల నడుం బెల్టు మీద దేవుడు మాతో ఉన్నాడనే మాట అచ్చుగుద్ది ఉండేదనీ, చచ్చేదాకా చర్చి అతని పేరు కొట్టేయలేదనీ ఒక్కొక్కటే చెప్పాను.

నా మిత్రుడు కాగితం లేకుండా మాట్లాడాడు. యేసు పుట్టిన జనాన్నే పసిబిడ్డలతో సహా చంపించినవాడు ఆ యేసును ఏ నోటితో తలచినా అది భక్తి కాదన్నాడు. వాడు సభల్లో దేవుడి పేరెత్తింది ఓట్ల కోసమనీ, దగ్గరివాళ్ళతో కూర్చున్నప్పుడు అదే మతాన్ని ఎగతాళి చేశాడనీ, ఎదురు చెప్పిన పాదిరీలను జైళ్ళలో వేశాడనీ చెప్పాడు. "విశ్వాసం లోపల ఉండేది. అది పుస్తకంలో దొరకదు" అని ముగించాడు. పిల్లలు ముందుకు వంగి విన్నారు. వాదం ఆయన వైపు ఒరుగుతోందని నాకు తెలిసిపోయింది. ఒళ్ళు మండింది.

జవాబు చెప్పడానికి లేచి నేనన్న మాటలు నాకింకా పొల్లుపోకుండా గుర్తున్నాయి. "లోపల ఏముందో ఎవరు చూడొచ్చారు? మనకు కనిపించేది పుస్తకమే. పుస్తకంలో పేరుంటే క్రైస్తవుడు, లేకుంటే కాదు. లోపల ఒకటి, కాగితంలో ఒకటి పెట్టుకున్నవాళ్ళు కూడా ఉంటారు మరి, వాళ్ళనేమనాలి?" అన్నాను. పిల్లలకు ఏమీ అర్థం కాకపోయినా పకపకా నవ్వారు. నా మిత్రుడు మాత్రం తిరిగి జవాబు చెప్పడానికి సగం లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు. నా మొహం వైపు చూడలేదు.

పాస్టరుగారు లేచి నేనే గెలిచానన్నారు. ఆ చెప్పడంలో సంతోషమేమీ లేదు. "వాడు మావాడు కాదని చెప్పుకుంటే నాకూ సుఖంగానే ఉంటాది. కానీ బాప్తిస్మమిచ్చింది మావాళ్ళు, పేరు రాసుకున్నదీ మావాళ్ళే. ఇప్పుడు కాదంటే, ఆ పాపంలో మాకు పాలు లేదని తప్పించుకున్నట్లయితాది" అన్నారు. నాకొక ఫౌంటెన్ పెన్ను బహుమతి ఇచ్చారు.

ఆ సాయంత్రం రూములో నా మిత్రుడే ఉప్మా చేశాడు. క్షమించమని అడగాలని రెండు మూడు సార్లు నోటిదాకా వచ్చింది. గెలిచినవాడు క్షమాపణ అడగడమేమిటనే పొగరు అడ్డొచ్చింది. ఆయనే "బాగా మాట్లాడినావబ్బా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, ఆయనకు ఎత్తిపొడవడం రాదు.

రెండేళ్ళ తరువాత నాకు ధర్మవరం బదిలీ అయింది. ఒక ఆదివారం ఆయన రైలెక్కి మా ఇంటికి వచ్చాడు. మా నాయన మగ్గం పక్కన పీట వేసి కూర్చోబెట్టాం. కొత్త చీర అంచును కాసేపు వేళ్ళతో తడిమి చూసి, మెల్లిగా అన్నాడు. "ఈస్టరుకు బాప్తిస్మం తీసుకుందామనుకుంటాండా. ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజమే. లోపల ఒకటి, కాగితంలో ఒకటి పెట్టుకొని యాడికని పోయేది?"

ఆ మాట ఇన్నాళ్ళు ఆయన లోపల ముల్లులా ఉందని అప్పుడు తెలిసింది. అప్పుడైనా తప్పు ఒప్పుకోవాల్సింది. నేను మళ్ళీ వాదనకే దిగాను. చెల్లెలు ఇంకా ట్రైనింగులో ఉంది కదా, అన్న పేరు పుస్తకంలో ఎక్కితే ఆమె కాగితాల మీదికి వస్తుంది కదా, ఆమె పరీక్షలు అయ్యేదాకా ఆగితే దేవుడేమైనా అలుగుతాడా అన్నాను. అవన్నీ నిజమే, అందుకే ఆయన ఎదురు చెప్పలేకపోయాడు. "సరే, ఒక్క ఏడాది చూస్తా" అన్నాడు. అది కూడా నేనే గెలిచాను.

ఆ ఈస్టరు పోయిన ఆరు వారాలకు ఆయనకు విషజ్వరం తగిలింది. హిందూపురం ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాడు. నాకు టెలిగ్రాం అందింది, నేను ఆసుపత్రికి పోయేసరికి శవాన్ని జీపులో పెనుకొండకు తీసుకుపోయారన్నారు. పెనుకొండకు పోయే రైల్లో కిటికీ పక్కన కూర్చుని నేను ఏడ్చిన ఏడుపు తరువాత మా నాయన పోయినప్పుడు కూడా ఏడవలేదు.

వాళ్ళ ఇంటిముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. తల్లి లోపల శవం దగ్గర ఉంది. ఆమె కోరింది ఒక్కటే, కొడుకును సమాధుల తోటలో తండ్రి పక్కన పెట్టాలని. బాప్తిస్మం లేనివాళ్ళకు అక్కడ చోటు లేదు. సంఘ పెద్దలు నలుగురు, పాస్టరుగారు చర్చి వరండాలో కూర్చుని దాని గురించే మాట్లాడుకుంటున్నారు. నన్ను పిలిపించారు.

పాస్టరుగారు నెమ్మదిగా అడిగారు. "నమ్మి, బాప్తిస్మం దాకా రాకముందే పోయినవాళ్ళను మేము తోసెయ్యము. కానీ నమ్మినాడని ఇంటివాళ్ళు కాక బయటి మనిషి చెప్పాల. తల్లి మాట సాక్ష్యానికి రాదు. నువ్వు ఆయప్పతో ఒకే రూములో ఉంటివి. ఆయప్పకు విశ్వాసముండెనా?"

వాళ్ళు అడిగింది అంతే. పక్కనుంచి ఒక పెద్దాయన "పుస్తకంలో పేరు లేకుంటే కాదని ఈయనే గదా హిందూపురంలో చెప్పింది" అన్నాడు. ఆ మాటతో అడిగిన ప్రశ్న ఎక్కడికో పోయింది. నేను నిలబడి, గొంతు చించుకుని ఆ నియంత దగ్గర మొదలుపెట్టాను. అన్ని లక్షల ప్రాణాలు తీసినవాడు మీ పుస్తకంలో ఉండొచ్చు, చీమకు హాని చేయని ఈ మనిషికి మాత్రం ఆరడుగుల నేల లేదా అన్నాను. మీ పుస్తకం ఎవరికి కావాలన్నాను, మీ దేవుడికి లెక్కలు రావా అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. పెద్దలు మొహాలు ముడుచుకుని ఒకరి తరువాత ఒకరు లేచిపోయారు. పాస్టరుగారు ఒక్కరే కాసేపు నా వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన ఇంకా దేనికోసమో ఎదురు చూస్తున్నారని అప్పుడు నాకు తోచలేదు. ఆయన కూడా లేచారు.

సాయంత్రానికి వంక గట్టున, వాళ్ళ బంధువుల్లో మతం మారనివాళ్ళ శ్మశానంలో పూడ్చారు. పలక డప్పులు కొట్టారు. పాస్టరుగారు చర్చిలో వేసుకునే తెల్ల అంగీ లేకుండా, మామూలు పంచెతో వచ్చి, పలకలు ఆగినప్పుడు ఒక చిన్న ప్రార్థన చేశారు. తల్లి మట్టి వేసి నా చెయ్యి పట్టుకుంది. నేను వాళ్ళతో పోట్లాడానని ఎవరో ఆమెకు చెప్పారట. "మావాని కోసరం అంత మాట్లాడితివంట, నీ కడుపు సల్లగుండ" అంది. నేను దాన్ని కూడా మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

ఏడాదిన్నర తరువాత కాగితాల పని మీద పెనుకొండ పోయినప్పుడు ఆమెను చూడ్డానికి వెళ్ళాను. కూతురికి ఉద్యోగం వచ్చింది. తల్లి బండ మీద కూర్చుని చెనక్కాయలు వలుస్తోంది. నాకూ ఒక గుప్పెడు పెట్టింది. కాసేపు వానల గురించి మాట్లాడుకున్నాం. తరువాత తల ఎత్తకుండానే అడిగింది.

"సారూ, మావాడు ఆడ మీ రూములో ఉన్నన్నాళ్ళు ప్రార్థన చేస్తాండెనా?"

"దినామూ చేస్తాండె అమ్మా. తెల్లారకముందే లేసి, మోకాళ్ళ మీద ఉంటాండె. ఒక్కనాడు కూడా తప్పలేదు."

ఆమె చేతులు ఆగిపోయాయి. కళ్ళు తుడుచుకుంది. కొడుకు గురించి మంచిమాట విన్న తల్లి మొహం అది. తరువాత నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, తెలుసుకుందామనే అడిగింది.

"చర్చి అయ్యగారు మొన్న చెప్పినాడు. ఆ పొద్దు వాళ్ళు నిన్ను అడిగింది ఆ ఒక్క మాటేనంట గదా సారూ?"

"అవునమ్మా," అన్నాను. "ఆ ఒక్క మాటే."