పైపుకు కట్టిన కోరా గుడ్డ

మా మేనమామ పోయాడని, ఊళ్లోనే ఆయన ఉండే భేస్తాన్ పేట నుంచి ఫోన్ వచ్చేసరికి, అమ్మకు అప్పుడే డయాలసిస్ మొదలుపెట్టారు. అమ్మకు ఆయన ఒక్కడే తమ్ముడు. అది పూర్తయ్యేదాకా చెప్పకూడదనుకుని నాలుగు గంటలు మాస్కు వెనక నోరు మూసుకుని కూర్చున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు. రెండేళ్లుగా మా ఇంట్లో అందరిదీ అదే అలసట.

మామ చాలా ఏళ్లు మరమగ్గాల మీద పనిచేసి, తర్వాత కార్ల మెకానిక్ అయ్యాడు. అందరూ పని అయ్యాక చేతులు కడుక్కుంటే ఆయన ముందే కడుక్కునేవాడు. వెక్కిరిస్తే, బట్ట మీద మరక పడకూడదని నేర్చిన చేతులు ఇక మారవనేవాడు.

కరోనా రెండో వేవ్‌లో ఇంటిల్లిపాదీ జ్వరపడి లేచాం. ఆటోలు దొరకని ఆ రోజుల్లో అమ్మను ఆస్పత్రికి చేర్చడానికి మా పాత కారే దిక్కు. అందులో పెట్రోలు పోసింది పోసినట్టే అయిపోయేది. కింద చుక్క కనబడదు. ఎవరో తీస్తున్నారని తీర్మానించేసి, ట్యాంకు మూతకు తాళం వేయించి, వాచ్‌మన్‌ను నానా మాటలూ అన్నాను.

మామ కూడా కరోనా నుంచి అప్పుడే లేచాడు. ఆగి ఆగి నడుస్తూ వచ్చి, బానెట్ ఎత్తి, వాసనేమైనా వస్తోందా అని నన్నడిగాడు. రావడం లేదన్నాను. అమ్మనూ అడిగాడు. ఆమెదీ అదే మాట.

"దొంగ లేడు, ఏం లేడు బిడ్డా. మనందరి ముక్కులు పోయినయ్."

రంగు వేయని కోరా గుడ్డను పేలికలుగా చింపి పెట్రోలు పైపు అతుకులన్నిటికీ కట్టాడు. మమ్మల్ని దూరంగా నిలబెట్టి, ఇసుక బకెట్ పక్కన పెట్టుకుని, ఇంజన్ కాసేపు నడిపి ఆపాడు. ఫిల్టర్ దగ్గరి పేలిక తడిసింది. అక్కడ రబ్బరు పైపు పగిలింది. కారిన పెట్రోలు ఇంజన్ వేడికి నేల చేరకముందే ఆరిపోతోంది. బ్యాటరీ వైరు ఊడదీసి పైపు మార్చాడు. మధ్యలో రెండుసార్లు నేల మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. కొత్త అతుక్కి మళ్లీ పొడి గుడ్డ కట్టి, మన ముక్కులు తిరిగొచ్చేదాకా ఇదే ముక్కు అన్నాడు.

వెళ్తూ వెళ్తూ, "కారు నేను బాగుజేసిన. వాచ్‌మన్‌తోటి నువ్వు బాగుజేసుకో" అన్నాడు. సిగ్గుపడుతూనే వెళ్లి క్షమించమని అడిగాను.

నాకు వాసన తిరిగొచ్చింది. ఆయనకు రాలేదు, ఊపిరీ కుదుటపడలేదు. డయాలసిస్ ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, గుడ్డ పొడిగా ఉందా అని అడిగేవాడు. ఒకసారి విసుక్కున్నాను.

"అండ్ల అక్క కూసుంటది గద బిడ్డా" అన్నాడు.

ఆయన పోయిన రోజు పొద్దున ఫోన్ రాలేదు. నిజం చెప్పాలంటే, ఒక పూట తప్పిందిలే అని హాయిగా అనిపించింది. ఆ హాయికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

డయాలసిస్ అయ్యాక అమ్మను కార్లో కూర్చోబెట్టి, అలవాటు కొద్దీ బానెట్ ఎత్తాను. గుడ్డ తాకి చూశాను. పొడిగానే ఉంది.

కిటికీలోంచి అమ్మ నీరసంగా అంది. "పొడిగుంటే మామకు ఫోన్ జేసి చెప్పు. సూస్తుంటడు."

బానెట్ దించితే నా మొహం ఆమెకు కనబడుతుంది. ఎత్తిన బానెట్‌ను పట్టుకుని అలాగే నిలబడిపోయాను.