విఠల్ సారు చెరుకు తోటల నా సీఐడీ పని

మా బాపు నాకో పిల్లగాన్ని చూస్తున్నడు. గా పిల్లగాడు ఎవలో ఇప్పుడే చెప్తే ఛాయ్ ముక్కులకెల్లి వస్తది మీకు. ముందుగాల తాగుండ్రి, చెప్త. దీనంతటికీ కారణం నా కడుపుమంట.

బాపుకు నిజామాబాద్‌ల టైలర్ షాపు. గురువారం వచ్చిందంటే కత్తెర పక్కన పెట్టి పేపర్ పట్టుకుంటడు. ఆ రోజు విఠల్ సారు కాలమ్ వస్తది మరి! రిటైర్డ్ లెక్చరర్. కాలమ్ పక్కన చిన్న ఫోటో, ఒత్తైన జుట్టు, నల్లటి మీసం. బాపు గట్టిగ చదువుతడు, నేను వినాలె. నా వాట్సాప్ స్టేటస్ మాత్రం ఒక్కనాడు చూడడు! మొన్నైతే గోడ మీద నా డిగ్రీ ఫోటోను పక్కకు జరిపి, ఆ జాగల సారు కాలమ్ అంటించిండు.

"సూడు బిడ్డా, మనిషంటే గిట్ల ఆలోచించాలె."

ఇగ నేను ఆగుతనా?

ఆ కాలమ్‌ల ఏముందంటే, అందరు వరి ఎనకే పడొద్దు, చెరుకు ఏసే రైతుకు సర్కారు అండగ ఉండాలె అని. నాకు డౌటు కొట్టింది. పాత కాలమ్‌లు తీసి చదివిన. వానల మీద మొదలువెట్టినా, బస్సుల మీద మొదలువెట్టినా, సారు ఆఖరికి చెరుకు కాడికే వచ్చి ఆగుతడు!

"బాపూ, ఈయనకు చెరుకు తోట ఉండే ఉంటది. అందుకే రాస్తున్నడు. పక్కా బయాస్!"

"నీకు కుళ్లు," అన్నడు బాపు, సూదిల దారం ఎక్కిస్తూ.

నిజమే గని, మొఖం మీద గట్ల అంటరా? "ఫోటోలతోని సబూత్ తెస్త!" అని స్కూటీ తీసిన.

సారుది చందూర్ దిక్కు ఊరని కాలమ్ కిందనే ఉంటది. ఆడికి పోయి ఛాయ్ హోటల్ల అడిగితే, "గదో, గా ఇంటెనక తోట సారుదే," అన్నరు. చూస్తే నాకంటే ఎత్తు చెరుకు! నా సంతోషం ఏం చెప్పాలె! ఫోటోలు, వీడియో, చెరుకు పక్కన సెల్ఫీ సుత కొట్టిన.

తోటల నుంచి ఒక పెద్దమనిషి బయటికొచ్చిండు. లుంగీ, బనీను, బట్టతల, చేతిల కొడవలి.

"ఎవలు బిడ్డా?"

"కాకా, గిది కాలమ్ రాసే విఠల్ సారు తోటేనా?"

"ఔను."

"దొరికిండు! తోట సంగతి దాచిపెట్టి చెరుకు గురించి రాస్తున్నడు. మా బాపేమో ఆయన్ని నెత్తిల పెట్టుకుంటడు."

కాక కొడవలి కింద పెట్టి గట్టు మీద కూసున్నడు. "గదొక్కటేనా? ఆయన బామ్మర్దిది బెల్లం వ్యాపారం. రాసుకో."

"నిజమా!"

"ఫోటో సుత పాతదే. ఇప్పుడు నెత్తి మీద ఒక్క ఎంట్రుక లేదు."

నేను ఫోన్ల టకటక కొట్టుకుంటున్న. "అయితే రాసేదంత అబద్ధమేనా కాకా?"

జర ఆలోచించిండు. "అబద్ధం రాయడు. తనకు నచ్చిన సంగతే రాస్తడు. చెరుకు నరకను కూలోళ్లు దొరకక పడే తిప్పలు ఎన్నడన్న రాసిండా?"

"లే!"

"మరి?"

అంతల ఇంట్లకెల్లి ఒకామె కేకేసింది. "ఓ సారూ! పేపరోళ్లు ఫోన్ చేస్తున్రు! కాలమ్ ఇంకా పంపలేవంట!"

నాకు తోటల దూరి దాక్కోవాలనిపించింది. చెరుకు ఆకు కోస్తదని ఆగిన.

కాక, అదే విఠల్ సారు, నవ్విండు. లోపలికి పిలిచి ఛాయ్ పోయించిండు. బెల్లం ఛాయ్. బామ్మర్ది బెల్లమే! ఎంత బాగుందంటే, సిగ్గు లేకుండ ఇంకో కప్పు అడిగిన. "సార్, మీకు దండం పెడత. రేపు మీరేమన్న రాసినా, వచ్చింది నేనని ఎవలికీ తెల్వొద్దు."

"మాటిస్తున్న," అన్నడు.

ఇంటికొచ్చి బాపుకు ఏం చెప్పిన్నో తెలుసా? "సారుకు తోట లేదు, గీట లేదు. నాదే గలత్." గదీ రెండు కప్పుల ఛాయ్ పవర్!

గురువారం బాపు గట్టిగ చదువుతున్నడు. "నాకు చెరుకు తోట ఉంది. నా బావమరిది బెల్లం వ్యాపారి. ఇన్నాళ్లూ మీకీ మాట చెప్పకపోవడం నా తప్పు. ఇకనైనా నా రాతలను మీరే తూకం వేసుకోండి. ఈ సంగతి నా ముఖం మీదే అడిగినవాడు నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక యువకుడు."

సారు మాట నిలబెట్టుకున్నడు. నన్ను మొగపిల్లగాన్నే చేసిండు!

బాపుకు కండ్లల్ల నీళ్లు. "సూసినవా నిజాయితీ! తన తప్పు తనే చెప్పుకున్నడు."

"బాపూ, ఆ అడిగింది నేనే!"

"నువ్వు తోటే లేదంటివి కదనే?"

"గది అబద్ధం చెప్పిన. ఇగో, సెల్ఫీ!"

"చెరుకు ఏడ లేదు? మల్ల మొదలువెట్టినవా కుళ్లు?"

కొత్త కాలమ్ గోడెక్కింది. నా డిగ్రీ ఫోటో బీరువా ఎనక్కు పోయింది. బాపు పేపరోళ్లకు ఫోన్ చేసి సారు నంబర్ అడుగుతున్నడు. "గా పిల్లగాడు ఎవలో కనుక్కుంట. గసుంటోడు అల్లుడైతే చాలు."

ఇగ రోజు అన్నం కాడ వాని ముచ్చటే. ఎంత తెలివి, ఎంత ధైర్యం అని. సారు మీదున్న కుళ్లంత ఇప్పుడు వాని మీదికి మళ్లింది నాకు. దొరకనియ్యుండ్రి, నేనైతే ఆ సంబంధం వద్దంటే వద్దంట. సెల్ఫీల పిచ్చోడు, రెండు కప్పుల ఛాయ్‌కే అమ్ముడువోయేటోడు. వాని సంగతి నాకంటే ఎక్కువ ఎవలికి తెలుసు!