తిప్పేష్ తిట్లు, హనుమంతప్ప గాడిద

తిప్పేష్‌కు నడకే బతుకు. విడపనకల్లు పక్క పల్లెలో హనుమంతప్ప దగ్గర గొర్రెల కాపరిగా చేరినప్పుడు వాడికి మీసాలు రాలేదు. నలభై దాటినా ఆ నడక ఆగలేదు. పచ్చిక ఉందని తెలిస్తే చాలు, కర్ణాటక పొలిమేర దాటి పోయేవాడు. కన్నబిడ్డల్ని తిట్టినంత ముద్దుగా గొర్రెల్ని తిట్టేవాడు. ఆ తిట్లు చెవిన పడితే గానీ అవీ కదిలేవి కావు.

రెండువేల మూడు కరువులో, వంకలో పడ్డ గొర్రెపిల్లను తీయబోయి బండ మీంచి జారాడు. తొడ ఎముక విరిగింది.

హనుమంతప్ప పిసినారితనం చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. సగం కాల్చిన బీడీని ఆర్పి చెవి మీద దాచుకునే రకం. అటువంటి మనిషి రెండు మంచి పొట్టేళ్లను అమ్మి తిప్పేష్‌కు కట్టు కట్టించాడు. మంచంలో ఉన్నన్నాళ్లూ జీతం ఆపలేదు. ఎముక అతికింది గానీ కాలు కురచైంది.

"దొడ్డి కాడ గొర్రెపిల్లలకు మేత ఏస్కుంటా ఉండప్పా. జీతం యాడికీ పోదు" అన్నాడు హనుమంతప్ప.

తిప్పేష్ సరేనన్నాడు. కానీ పొద్దున్నే మంద ఇంకొకడి వెనక పోతుంటే గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. చూడలేక వాడి పెళ్లాం సుంకమ్మ వెళ్లి హనుమంతప్పతో చెప్పుకుంది.

"కూడు ముట్టేదే లేదన్నా. కాలు ఈడుండాది, పానం మంద ఎంబడి పోయినాది."

వారం తిరక్కుండా హనుమంతప్ప ఒక గాడిదను కొనుక్కొచ్చాడు. దాని వీపుకు సరిపడా గోనెపట్టతో మెత్త కూడా కుట్టించాడు.

"దీన్నెక్కి మంద ఎంబడి పోరా."

తిప్పేష్ ముఖం మాడిపోయింది. వలస పోయేటప్పుడు కంబళ్లూ గిన్నెలూ గాడిద మోయడం మామూలే. మనిషిని ఎక్కించడమంటే మాత్రం, తప్పు చేసినవాణ్ణి సున్నం బొట్లు పెట్టి ఊరేగించడమే.

"నేనేమి దొంగతనం చేసినానన్నా? ఊరంతా నవ్వల్లనా? సచ్చినా ఎక్కను."

హనుమంతప్ప గాడిదను తోలుకుపోయాడు. అంత మనిషి తెచ్చిన సాయాన్ని కాలదన్నానే అని తిప్పేష్‌కు రాత్రంతా కునుకు లేదు.

తెల్లారి బజారులో ఒకటే ఈలలు, కేకలు. తిప్పేష్ కర్ర ఊతంతో వాకిట్లోకి వచ్చాడు. చలువ పంచె, కొత్త తలపాగా, అచ్చం పెళ్లికి పోతున్నట్టు సింగారించుకుని హనుమంతప్ప గాడిదెక్కి వస్తున్నాడు. పొడుగు మనిషేమో, కాళ్లు నేలకు రాసుకుంటున్నాయి. వెనక పిల్లలు, టీ అంగడి జనం, ఆఖరికి ఆయన వియ్యంకుడు లింగప్ప కూడా.

"ఏమప్పా, ఎవరింట్లో దొంగతనం చేసినావు?" అని అరిచాడు లింగప్ప.

"నవ్వండప్పా, ఉండే నవ్వంతా ఈ పొద్దే నవ్వుకోండి. రేపు తిప్పేష్ ఎక్కినప్పుడు ఎవడన్నా పండ్లు బయటపెడితే చూడండి మల్ల!"

హనుమంతప్ప తిప్పేష్ వాకిట్లో గాడిదను ఆపి, మూలుగుతూ దిగాడు.

"నడుము ఇరిగింది. పట్టరా" అని తాడు చేతికిచ్చాడు.

తిప్పేష్ తాడు అందుకున్నాడు. కళ్లు తుడుచుకుని, ఆ మెత్త మీద దుమ్ము దులిపి, మెల్లగా ఎక్కాడు. దొడ్డి తడక తీయించాడు. ఇన్ని నెలల తర్వాత గొర్రెల్ని నోరారా తిట్టాడు.

మంద కదిలింది.