ఆగి ఆగి మోగే గంట

మా సంఘ పెద్ద పోయారు. మంగళవారం పొద్దున నేను ఆసుపత్రికి బయలుదేరుతుంటే ఆయన కూతురు ఫోను చేసింది. మన వైపు ఇలాంటప్పుడు ప్రభువులో నిద్రించారంటాం. ఆయన వింటే ఊరుకోరు. "కోతల కాలంలో నిద్రేంటి సిస్టర్?" అనేవారు. నేను నర్సును కాబట్టి ఆయనకు ఎప్పుడూ సిస్టర్‌నే.

మాది ఈ పరాయి దేశంలో పారమట్టా నగరం నుంచి కారులో సగం రోజు దూరం, గోధుమ పొలాల మధ్య చిన్న పారిష్, ఒకే చర్చి కింది సంఘం. రాతి చర్చి, రేకుల హాలు, గడ్డి మొలిచిన టెన్నిస్ కోర్టు, వాననీటి ట్యాంకు, వెనక సమాధులు. కొత్తగా ఎవరొచ్చినా ఆయన అన్నీ తిప్పి చూపించేవారు. గోడ రాళ్లు ఏ వాగులోంచి తెచ్చారో, ఏ కరువులో ట్యాంకు అడుగంటిందో చెప్పేవారు. వెళ్తూ వస్తూ ట్యాంకును వేలి కణుపులతో తట్టి, నీళ్లెంతున్నాయో చెవి పెట్టి వినేవారు. చివర్లో, "ఇక్కడ సౌకర్యాలు మూడు. గంట, ట్యాంకు, నేను. మూడూ తుప్పు పట్టాయి," అని తనే నవ్వేవారు.

మేం గుంటూరు జిల్లా నుంచి వచ్చి, చర్చికి ఎదురుగా రోడ్డు ఇవతల ఇంట్లో దిగినప్పుడు మాకూ అదే మర్యాద జరిగింది. ఇక్కడ డిసెంబరులో మొదలయ్యే ఎండాకాలంలో, ఆదివారం కాని రోజు గంట మోగిందంటే ఎక్కడో మంట లేచినట్టని ఆయన మరీ మరీ చెప్పారు. మా అత్తయ్యకు ఇంగ్లీషు రాదు. పెద్దమనిషి చెబుతున్నాడు కదా అని అన్నిటికీ తలాడించింది, అంతే.

ఆ ఏడు డిసెంబరులో, పడమటి గాలి నిప్పులు చెరుగుతున్న మధ్యాహ్నం, ఊరి నుంచి ఫోను వచ్చింది. అత్తయ్య అన్నగారు పోయారని. మా ఊళ్లో సంఘంలో మనిషి పోతే చర్చి గంట కొడతారు. ఒక దెబ్బ, కాస్త ఆగి ఇంకో దెబ్బ. నేను మంచినీళ్లు తెచ్చేలోపు ఆమె రోడ్డు దాటేసింది.

గంట మోగింది. నేను చర్చి దగ్గరికి పరిగెత్తేసరికే నాలుగు వైపులా ఎర్రదుమ్ము లేచింది. కోతలు ఎక్కడివక్కడ ఆపేసి, నీళ్ల బండ్లతో, తడి గోతాలతో రైతులు వచ్చి పడ్డారు.

"మంటెక్కడ?" అని ఎదుటి పొలం రైతు అరిచాడు.

చెప్పాను. మంట కాదు, చావు గంట అని. అతను మండిపడ్డాడు. "ఇలాంటి గాలిలో నా పంట వదిలేసి వచ్చాను. రేపు నిజంగా అంటుకుంటే ఎవడొస్తాడు? ఆ తాడు కోసి పారెయ్యండి!"

మన నాన్నా పులి కథ అతనికి తెలియదు గానీ, అతను చెప్పింది అదే. అతనిది తప్పని ఇప్పటికీ అనను.

అత్తయ్య తాడు వదల్లేదు. "మా అన్న పోయాడే అమ్మాయ్! గంటన్నా కొట్టకుండా ఎట్టా పంపేది? దిక్కులేనోడా వాడు?" అని ఏడుస్తోంది.

పెద్దాయన ఆఖరున వచ్చారు. ముందు పడమట ఉన్న కొండ వైపు చాలాసేపు చూశారు. పొగ లేదు. ఆమె ఏమంటోందని నన్ను అడిగారు. చెప్పాను. ఆయన టోపీ తీశారు.

"అయితే గంట అబద్ధం చెప్పలేదు. మనిషి పోయాడు, మనం వచ్చాం. ఆమెను పూర్తి చెయ్యనివ్వండి. ఇవాళ్టి నుంచి వేగంగా కొడితే మంట, ఆగి ఆగి కొడితే మనిషి. అందరికీ చెప్పండి."

ఒక్కొక్కరే టోపీలు తీశారు, ఎదుటి పొలం రైతు తప్ప. అతను బండెక్కి వెళ్లిపోయాడు. అందరూ వెళ్లాక పెద్దాయన, "తాడు ఉంచాను. మంచి పని చేశానో లేదో ఆ కొండే చెప్పాలి సిస్టర్," అన్నారు.

అక్కణ్నుంచి ఊపిరి బిగబట్టుకునే బతికాం. క్రిస్మస్ ఆరాధనలో కూడా నా కళ్లు కిటికీలోంచి కొండ మీదే ఉన్నాయి. జనవరిలో దాని వెనక నిజంగానే పొగ లేచింది. పెద్దాయన పరిగెత్తుకొచ్చి గంట వాయించారు, వేగంగా, ఆగకుండా. రోడ్డు ఖాళీగా ఉంది. ఆయన అరచేతులు చిట్లాయి. నేను అందుకుంటానంటే వినలేదు.

"రారేమో సిస్టర్," అన్నారు. ఆయన గొంతులో భయం నేను విన్నది ఆ ఒక్కసారే.

అప్పుడు దుమ్ము కనిపించింది. మొదట వచ్చిన బండి ఎదుటి పొలం రైతుదే. మంట వాగు దాటలేదు.

సాయంత్రం ట్యాంకు దగ్గర మసి మొహం కడుక్కుంటూ పెద్దాయన, "పారిష్ అంటే ఇంతే సిస్టర్. పిలిస్తే వచ్చేవాళ్లు," అన్నారు. ఆ తర్వాత కొత్తవాళ్లకు చెప్పే చరిత్రలో ఒక మాట పెరిగింది. "మా గంట మోత రెండు రకాలు. రెండోది ఇండియా నుంచి వచ్చింది." అది విన్నప్పుడల్లా నాకు కళ్లు చెమర్చేవి. ఆ రోజు ఆయన టోపీ తియ్యకపోతే మేం ఈ ఊళ్లో తలెత్తుకుని తిరిగేవాళ్లం కాదు.

గంట ఎవరు కొట్టాలో కూడా చెప్పే పోయారు. "నాన్న మీ అత్తగారినే కొట్టమన్నారు," అంది కూతురు ఫోనులో.

మళ్లీ అదే గాలి. అత్తయ్య చెంగు నడుముకు దోపుకుని తాడు పట్టుకుంది. మొదటి దెబ్బకు ఎదుటి పొలంలో కోత మిషను ఆగింది. ఆ రైతు కిందికి దూకి కొండ వైపు చూశాడు. పొగ లేదు. చర్చి వైపు తిరిగి అలాగే నిలబడ్డాడు.

అత్తయ్య ఆగింది. ఇంకాస్త ఆగింది. అప్పుడు రెండో దెబ్బ కొట్టింది.

అతను టోపీ తీశాడు.